కన్నుకొట్టే లైట్లు

ఆ సంగతి నాకు మొదట చెప్పింది అవ్వ. మా ఇంట్లో అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. జూలైలో ఒక బుధవారం, మిల్లులో డ్యూటీ దిగి, మేము వలస వచ్చిన ఈ బట్టల మిల్లుల ఊళ్ళో నవాగామ్‌లోని మా రెండు గదుల ఇంటికి చేరేసరికి అవ్వ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఎడమచేతికి కొత్త కట్టు. కట్టు మీద రూపాయి బిళ్ళంత రక్తపు మరక.

"మీ బాపు బండి కన్నుగొడుతున్నదిరా," అంది, ఇటు తిరగకుండానే.

జరిగింది నేను ముక్కలుముక్కలుగా తెలుసుకున్నాను. ఆసుపత్రి నుంచి వచ్చే దారిలో, ఉధ్నా దగ్గర మెట్రో కోసం తవ్విన చోట దారి ఒక్క బండికే సరిపోతుంది. ఏడున్నరకు వానలో బాపు అక్కడికి చేరగానే మా కారు హెడ్‌లైట్లు రెండూ ఆరి వెలిగాయి. మళ్ళీ ఆరి వెలిగాయి. అలాంటి ఇరుకులో, ఇక్కడి డ్రైవర్ల లెక్కలో, లైటు రెండుసార్లు కొడితే 'నువ్వు రా, నేను ఆగుతా' అని అర్థం. ఎదురుగా ఉన్న టెంపో అతను అలాగే అనుకుని వచ్చేశాడు. హారన్ కూడా కొట్టాడట, బాపుకు వినపడలేదు. చివరి క్షణంలో బాపు బ్రేకు తొక్కాడు. వెనక సీట్లో పడుకున్న అవ్వ చెయ్యి ముందు సీటుకు కొట్టుకుని, అరగంట కిందటే సూదులు తీసిన చోట మళ్ళీ రక్తం వచ్చింది.

అవ్వకు మూత్రపిండాలు రెండూ పోయి అప్పటికి ఏడాదిన్నర. సోమ, బుధ, శుక్రవారాలు మధ్యాహ్నం మూడు నుంచి ఏడు దాకా డయాలిసిస్. ఆ వేళ తప్ప ఇంకొకటి దొరకలేదు. కిడ్నీ ఇద్దామంటే నా రక్తం గ్రూపు కలవలేదు. బాపుకు బీపీ, డాక్టర్లు ఆ మాటే ఎత్తలేదు. నేను ఒక ప్రాసెసింగ్ మిల్లులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తాను, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. కాబట్టి కారు నడిపేది బాపు. సాంచెలు, అంటే పవర్‌లూములు, ఇరవై ఎనిమిదేళ్ళు నడిపిన మనిషి. చెవులు రెండూ ఆ చప్పుడుకే పోయాయి. ఆయనతో ఒక మాట చెప్పాలంటే వీధంతా వినేలా చెప్పాలి.

ఆయనకు మిగిలినవి కళ్ళు, వేళ్ళు. సూదులు గుచ్చడానికి వీలుగా డాక్టర్లు అవ్వ ఎడమచేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుట్టారు. ఆ చోట చెయ్యి పెడితే లోపల సన్నగా జుమ్మని కదులుతూ ఉంటుంది. ఆ కదలిక ఆగితే వెంటనే రమ్మన్నారు. రోజూ పొద్దున బాపు రెండు వేళ్ళు అక్కడ ఆనించి, కళ్ళు మూసుకుని, కాసేపు ఉండి, తల ఊపుతాడు. నేను అదే చోట వేళ్ళు పెడితే సగం రోజులు నాకేమీ తెలిసేది కాదు.

ఆ బుధవారం అవ్వ ఇంకో మాట అంది. "లైట్లు మంచిగయ్యేదాక నేను ఆ బండెక్క."

ఆటోలో వెళ్ళడం ఆమె వల్ల కాదు. డయాలిసిస్ అయ్యాక తల తిరుగుతుంది, కూర్చోలేదు. టాక్సీలు వాన మొదలవగానే రామంటాయి. ఒకసారి వచ్చిన అతను కూడా, ఆమె వాంతి చేసుకోగానే దారిలో దించేశాడు. ఇవన్నీ నిజమే. కానీ అప్పటికి రెండు నెలలుగా అవ్వ కారణాలు వెతుకుతోందని నాకు తెలుసు. మిషను పక్కన చలేస్తోంది. పక్క మంచం ఆమె వారం నుంచి రావడం లేదు, ఏమైందో ఎవరూ చెప్పరు. సూది గుచ్చే పిల్లకు చెయ్యి తిరగదు. ఒక్కపారి పోకుంటే ఏమైతదిరా? నేను ఒక్కోదానికీ జవాబు వెతికి పెట్టేవాణ్ణి. లోపలేసుకునే స్వెట్టర్ కొన్నాను. పక్క మంచం ఆమె వేళ మార్చుకుందని కనుక్కుని వచ్చాను. సూది వేరే ఆమె గుచ్చేలా మాట్లాడాను. ఈ లైట్ల కారణం మాత్రం ఆమె తయారు చేసింది కాదు. రక్తం వచ్చింది.

గురువారం డ్యూటీకి ఆలస్యంగా వస్తానని చెప్పి, కారును ఉధ్నాలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ లైట్లు గంటసేపు ఒక్కసారి కూడా ఆరలేదు. అతను విసుక్కుని, వైరింగ్ మొత్తం మార్చేద్దాం, నాలుగు రోజులు బండి వదిలేసి వెళ్ళమన్నాడు. నాలుగు రోజులంటే రెండు డయాలిసిస్‌లు. కారు వెనక్కి తెచ్చేశాను. శుక్రవారం నేను సగం రోజు సెలవు పెట్టి, బతిమాలి, ఆటోలో తీసుకెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు అవ్వ రెండుసార్లు వాంతి చేసుకుంది. ఇంటి మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చుండిపోయింది. సోమవారం ఆటోలో రానని, ఆ కారులోనూ రానని అక్కడే, ఆ మెట్టు మీదే చెప్పింది. గొంతులో కోపం లేదు. దానికే నాకు భయం వేసింది.

శనివారం నాకు డ్యూటీ. మధ్యలో ఉన్నది ఆదివారం ఒక్కటే.

శనివారమే ఒక కాగితం మీద రాసుకున్నాను. లైట్లు రెండూ కలిసే ఆరుతున్నాయి, కాబట్టి తప్పు రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోటే ఉండాలి. బల్బులను వదిలేయవచ్చు. అయినా వాటినీ రాశాను. ఏదీ వదలకుండా రాయడం నాకు చదువుతో వచ్చిన అలవాటు. మొత్తం ఏడు అంశాలు. ప్రతిదాని పక్కన టిక్కు కోసం ఒక చిన్న డబ్బా.

ఆదివారం పొద్దున వాన తెరిపి ఇచ్చింది. మా సందులో ఎదురుగా మూతపడిన ఒక షెడ్డు గోడ ఉంది. కారు ముఖం ఆ గోడవైపు తిప్పి నిలిపాను. బాపు పక్కన ఇటుక వేసుకుని కూర్చున్నాడు. పానాలు అందిస్తానన్నాడు.

బ్యాటరీ కొనలు విప్పి, పేరుకున్న తెల్లటి పొడి గీకి బిగించాను. 12.6 వోల్టులు. టిక్కు. ఇంజను నడుస్తుండగా ఆల్టర్నేటర్ 14.1 ఇస్తోంది. టిక్కు. ఫ్యూజు తీసి చూశాను, బాగుంది. హెడ్‌లైట్ల రిలే, హారన్ రిలే ఒకే రకం, కాబట్టి రెండింటినీ అటూ ఇటూ మార్చాను. హారన్ బాగానే మోగింది. లైట్లు మాత్రం ఇంజను వేగం పెంచగానే గోడ మీద ఒకసారి రెప్ప కొట్టాయి. స్టీరింగ్ పక్కన స్విచ్చును పదిసార్లు తిప్పి, ఊపి చూశాను. దానివల్ల ఏమీ మారలేదు. బల్బులు రెండూ కొత్తవి వేశాను. అవీ అలాగే కన్నుకొట్టాయి.

ఏడోది ఎర్తు. రెండు హెడ్‌లైట్ల ఎర్తు వైర్లు కలిసి, ఎడమ లైటు వెనక ఒకే బోల్టుతో కారు బాడీకి బిగించి ఉన్నాయి. బోల్టు విప్పి, తుప్పు పోయేదాకా గరుకు కాగితంతో రుద్ది, తిరిగి బిగించాను. లైట్లు ఆర్పి, మీటరు ఓముల మీద పెట్టి, బల్బు సాకెట్ నుంచి బాడీ దాకా కొలిచాను. 0.2. టిక్కు.

మళ్ళీ ఇంజను వేసి, బాపును యాక్సిలరేటర్ తొక్కమన్నాను. గోడ మీద రెండు వెలుగు వలయాలు నిలబడ్డాయి. నేను మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటున్నాను. పదకొండు దగ్గర ఆరి వెలిగాయి.

ఏడు డబ్బాల్లో ఏడు టిక్కులు. మధ్యాహ్నం రెండయింది. కాగితం మీద ఇంకేమీ లేదు. మిల్లులో ఇలాంటప్పుడు పెద్దింజనీరుకు చెబుతాం, ఆయన కంపెనీ మనిషిని పిలిపిస్తాడు. ఇక్కడ నేను ఎవరికి చెప్పాలి? నేను బంపర్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. బాపు నా ముఖం చూసి, చేతిలో ఉన్న పానాను నెమ్మదిగా కింద పెట్టాడు.

మా పై అంతస్తులో రైల్వే సిగ్నళ్ళ విభాగంలో పనిచేసే అంకుల్ ఉంటారు, ఏలూరు వైపు మనిషి. పొద్దుటి నుంచి బాల్కనీలో పేపరు చదువుతూ మధ్య మధ్యలో కిందికి చూస్తున్నారు. అన్నం తిని లుంగీలోనే దిగి వచ్చారు.

"ఏమండీ ఇంజనీరు గారూ, పెళ్ళి విడిదికి సీరియల్ లైట్లు కడుతున్నారా?"

నేను నవ్వలేదు. కాగితం చూపించాను. ఆయన కళ్ళజోడు పైకెత్తుకుని అన్నీ చదివారు. ఏడో దగ్గర వేలు పెట్టారు.

"ఇది దీపం వెలుగుతున్నప్పుడు కొలిచావా, ఆర్పేసి కొలిచావా?"

ఆర్పేసి, అన్నాను. అంటున్నప్పుడే నాకు చెంపలు వేడెక్కాయి. ఓముల మీద పెట్టినప్పుడు మీటరు పంపే కరెంటు చాలా కొంచెం. తెగిపోగా మిగిలిన రెండు రాగి పోగులు తగులుతున్నా సరే, అంతా బాగుందనే చెబుతుంది. అదే చోట హెడ్‌లైట్లకు కావలసినంత కరెంటు వెళ్ళాలంటే ఆ రెండు పోగులు చాలవు. ఇది డిప్లొమా రెండో ఏడు పాఠం. కొత్తగా చేరే వాళ్ళకు మిల్లులో నేనే చెబుతాను.

"మా దగ్గరైతే సిగ్నల్ దీపం ఆరిందంటే అది ఎర్రదీపం కిందే లెక్క నాయనా, బండి ఆగిపోవాల్సిందే," అన్నారాయన. తర్వాత గొంతు తగ్గించి, అమ్మగారు రేపు వెళ్తున్నారా అని అడిగారు. తెలియదన్నాను. ఆయన కాగితం నా చేతిలో పెట్టి పైకి వెళ్ళిపోయారు.

ఈసారి లైట్లు వేసి, ఇంజను నడుస్తుండగా కొలిచాను. బోల్టుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య దాదాపు సున్నా. బల్బు సాకెట్‌లోని ఎర్తు పిన్నుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య కూడా సున్నాకు దగ్గరగా ఉండాలి. అక్కడ అంకె రెండు వోల్టుల దగ్గర ఎగిరెగిరి పడుతోంది. అది పెరిగినప్పుడల్లా గోడ మీద వెలుగు తగ్గుతోంది. తప్పు ఆ బోల్టుకూ సాకెట్ల వైర్లు కలిసే చోటుకూ మధ్య ఉంది. మధ్యలో ఉన్నది జానెడు వైరు, అంతే.

ఆ వైరును నేను పొద్దుటి నుంచి ఇరవైసార్లు చూసి ఉంటాను. దాని మీద నల్ల టేపు ఎక్కడా ముడత లేకుండా, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు సరిగ్గా సగం ఎక్కుతూ ఉంది. కంపెనీలో చుట్టిన టేపే అనుకున్నాను. ఇప్పుడు వేళ్ళతో తడిమితే మధ్యలో శనగగింజంత ఉబ్బు తగిలింది. బ్లేడుతో టేపు చీల్చాను.

లోపల ముడి ఉంది. రెండు రాగి తీగల కొనలు ఒకదానిలోంచి ఒకటి దూరి, బిగిసి, మిగిలిన చివరలు నీటుగా కత్తిరించి ఉన్నాయి. ఆ ముడి నాకు తెలుసు. సాంచె మీద పోగు తెగితే వేసే ముడి. చిన్నప్పుడు నా కాలి బొటనవేలికి దారం కట్టి బాపు నేర్పింది అదే. ఇప్పుడు రాగి నల్లబడి, పచ్చటి తుప్పు పట్టి ఉంది.

"గా ముడి నేనే కట్టిన," అన్నాడు బాపు, నేనేమీ అడగకముందే. గొంతులో సంతోషం ఉంది. "నిరుడు వానల ఎలుక కొరికింది. దవఖాన కాడ లైట్లు బంద్. మీ అవ్వ ఎనుక పడుకొనున్నది, లేవలేకుండ. పండ్లతోని తోలు గీకి కట్టిన. గుంజి చూడు."

లాగాను. రాలేదు.

"గట్టిగ గుంజు. ఇరవై ఎనిమిదేండ్లు సాంచె నడిపిన. నా ముడి జారిందని ఒక్క సేటు అనలే."

ఆయన చెప్పింది నిజం. ముడి జారలేదు. ఏడాదిగా ప్రతి గుంతలోనూ, ప్రతి వానలోనూ పట్టుకునే ఉంది. దారానికి పట్టుకుని ఉండటం చాలు. రాగికి అది చాలదు. ముడిలో తీగ తీగను అక్కడక్కడే తాకుతుంది. ఆ తాకే చోటు తడికి నల్లబడితే, ఇంజను అదిరినప్పుడల్లా కరెంటు ఆగి వెళ్తుంది. దీన్ని చిన్న గొంతుతో చెప్పాను. బాపు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏందీ?" అన్నాడు.

గట్టిగా చెప్పాలి. సందులో పిల్లలు ఆడుతున్నారు. పక్కింటి నిజామాబాద్ వాళ్ళు గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్నారు. మా గది కిటికీ తెరిచే ఉంది, లోపల అవ్వ ఉంది. నీ ముడి వల్లే ఆ రోజు లైట్లు ఆరాయి, నీ ముడి వల్లే అవ్వ చేతికి రక్తం వచ్చింది అని ఆ వీధంతా వినేలా మా బాపుకు చెప్పాలి. చెప్పకుండా ముడి కోసేయవచ్చు. అప్పుడు ఇంకో ఎలుక కొరికినప్పుడు ఆయన ఇలాగే కడతాడు.

చివరికి నేను లైట్లు వేసే ఉంచి, ఆయన చెయ్యి పట్టుకుని, రెండు వేళ్ళు ఆ ముడి మీద పెట్టాను.

రోజూ పొద్దున అవ్వ చేతి మీద పెట్టినట్టే పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి వేళ్ళు చటుక్కున తీసేసి, వాటిని చూసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తీశాడు. తర్వాత బోల్టు దగ్గర తాకాడు, అక్కడ చల్లగా ఉంది. సాకెట్ వైపు వైరును తాకాడు. ముడి ఒక్కటే కాలుతోంది. తలెత్తి గోడ వైపు చూశాడు. అదే సమయానికి వెలుగు ఒకసారి తగ్గి లేచింది.

నా ఎరుకలో బాపు ఎప్పుడూ చిన్నగా మాట్లాడలేదు. ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో ఆయనకు తెలియదు. ఆ రోజు మాత్రం పెదవులు కదిలాయే తప్ప మాట నాకే సరిగా వినపడలేదు.

"బుధవారం గిదేనా?"

తల ఊపాను. తల ఊపడానికి గొంతు అక్కరలేదు.

ఆయన ఇటుక మీద కూర్చుండిపోయాడు. చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. నాకేదైనా అనాలనిపించింది. వానలో, చీకట్లో, పళ్ళతో వైరు గీకి ఇంటికి తెచ్చావు కదా అనాలనిపించింది. అది కూడా అరిచే చెప్పాలి.

"కొయ్యి," అన్నాడు.

లైట్లు ఆర్పి కోశాను. పైనుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి సోల్డరింగ్ ఐరన్ వేడి చేశాను. కుళ్ళిన రాగిని తీసేసి మధ్యలో కొత్త వైరు ముక్క వేయాలి, కొనలు కదలకుండా ఎవరైనా పట్టుకోవాలి. బాపు లేచి వచ్చి పట్టుకున్నాడు. రెండు కొనలు ఎదురెదురుగా, ఒక్క వెంట్రుక తేడా లేకుండా. సీసం కరిగి రాగిలోకి పాకింది. బాపు వంగి దగ్గరగా చూశాడు.

"ముడి లేదు. ఆగుతదా?"

"ఆగుతది," అని అరిచాను. ఆ ఒక్క మాటా సందంతా వినపడింది.

టేపు ఆయనే చుట్టాడు.

ఆరున్నరకు మబ్బు మళ్ళీ కమ్మింది. ఇంజను వేసి, లైట్లు వేశాను. గోడ మీద రెండు వలయాలు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. బాపు యాక్సిలరేటర్ మీద కాలు ఎత్తుతూ దించుతూ ఉన్నాడు. నూట ఎనభై దాకా వెళ్ళాను. వెలుగు కదల్లేదు. అంకుల్ బాల్కనీలోంచి బొటనవేలు ఎత్తి చూపించారు.

కిటికీ ఊచల దగ్గరికి అవ్వ వచ్చి నిలబడింది. కుడిచేత్తో ఊచ పట్టుకుని, చాలాసేపు గోడనే చూసింది. రింగ్ రోడ్ మార్కెట్ల నుంచి వచ్చే చీరలకు ఏళ్ళ తరబడి మెరుపు రాళ్ళు అంటించిన మనిషి కళ్ళవి. వరుసలో ఒక్క రాయి పక్కకు పోయినా పట్టేస్తాయి. గోడ మీద వెలుగులో ఆమెకు తప్పేమీ దొరకలేదు.

"ఇగ ఏం సాకు జెప్పాలె నేను," అంది.

నాకు వినపడింది. బాపుకు వినపడలేదు. ఆయన డ్రైవరు సీట్లోంచి తల బయటికి పెట్టి, బాగుందా అన్నట్టు ఆమె వైపు చూస్తున్నాడు. అవ్వ కొంచెంసేపు ఆయన్నే చూసి తల ఊపింది.

సోమవారం ఇద్దరూ వెళ్ళారు. బాపు ఫోనులో మాట వినలేడు కాబట్టి ఇల్లు చేరగానే నాకు ఒక మిస్డ్‌కాల్ ఇవ్వడం మా పద్ధతి. ఆ సాయంత్రం నేను మోటార్ల రీడింగులు రాసుకుంటూ ఫోనును రిజిస్టరు పక్కనే పెట్టుకున్నాను. ఒక రీడింగు రెండుసార్లు తప్పు రాశాను. ఎనిమిదికి పది నిమిషాలు తక్కువగా ఒకసారి మోగి ఆగిపోయింది.

లైట్లు ఆ తర్వాత ఆరలేదు. కాగితంలో ఏడో అంశం పక్కన 'లైట్లు వేసి కొలవాలి' అని రాసుకున్నాను. అది ఇప్పటికీ నా టూల్ డబ్బాలోనే ఉంది. కారులో ఇక వెతకడానికి ఏమీ లేదు. ఆ వారం అంతా నాకు చెయ్యడానికి ఒక పని ఉండేదని, అది అయిపోయాకే తెలిసింది.

కానీ ఇప్పుడు ఆదివారం సాయంత్రం అవ్వే అడుగుతుంది, లైట్లు చూసినవా అని. బాగానే ఉన్నాయంటే ఒప్పుకోదు. నేను కిందికి దిగి, కారు ముఖం షెడ్డు గోడవైపు తిప్పి, లైట్లు వేస్తాను. బాపు బానెట్ ఎత్తి, ఎడమ లైటు వెనక రెండు వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడతాడు. అవ్వ కిటికీ దగ్గరికి వస్తుంది. ఒక్కో ఆదివారం, రేపు వస్తానన్నట్టు, వెంటనే తల ఊపి లోపలికి వెళ్ళిపోతుంది. ఒక్కో ఆదివారం చాలాసేపు చూస్తుంది. అలాంటప్పుడు నేను లెక్కపెడుతూ ఉంటాను. ఒకసారి మూడు వందలు దాటింది. బాపు కళ్ళు తెరిచి నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను, ఇద్దరం కిటికీ వైపు చూశాం. లైట్లు ఆర్పాలా వద్దా అని కూడా మాకు తెలియలేదు. అలాగే వెలగనిచ్చాం.